అగ్గికి ఒక దినం సెలవు

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో కదిరి బస్సు ఒంటిగంటన్నరకని బోర్డు మీద ఉంది. కదిలేసరికి రెండుకు పది నిమిషాలు తక్కువ. బస్సు నిండా జనం ఉన్నారు గానీ ఆలస్యానికి విసుక్కున్నది మాత్రం నేనొక్కదాన్నే. ముప్పై ఏళ్లు ఆసుపత్రి డ్యూటీలు చేసిన ప్రాణం, గడియారం చూడకుండా ఊపిరి కూడా తీసుకోదు. చేతిసంచిలో రెండు జతల బట్టలు, నీళ్ల సీసా, నరసమ్మ వాళ్లమ్మ కోసం కొన్న చీర, పాస్‌పోర్టు, కర్పూరం డబ్బీ, అగ్గిపెట్టె ఉన్నాయి. చివరి రెండూ నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. ఏ ఊళ్లో అడుగుపెట్టినా ముందు ఆ ఊరి దేవుడికి కర్పూరం వెలిగించి, తర్వాతే మంచినీళ్లు అడగమనేది మా అమ్మ. అమ్మ పోయి పదకొండేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

నేను మలేషియా తెలుగుదాన్ని. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో కూలికి ఓడెక్కాడని తప్ప మాకింకేమీ తెలియదు. నేను ఆ తోటల్లోనే పుట్టాను, తోట బడిలో తెలుగు నేర్చుకున్నాను, నర్సునయ్యాను. బెంగళూరులో ఒక కంటి ఆసుపత్రిలో నర్సులకు పాఠాలు చెప్పడానికి రెండేళ్ల ఒప్పందం మీద వచ్చేనాటికి నాకు యాభై రెండు నిండాయి. ఆ ఒప్పందం ఇంకో నెలలో ముగుస్తుంది. ఈ రెండేళ్లలో అందరూ నన్ను మేడమ్ అన్నారు, పుట్టినరోజుకు కేకు కోయించారు, సాయంత్రం ఆరింటికి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మా ఇంటికి రండి అని ఒక్కరూ అనలేదు. ఆదివారాలు బజారుకు వెళ్లి అవసరం లేని కూరగాయలు కొనేదాన్ని. కూరగాయలమ్మితో నాలుగు మాటలు మాట్లాడొచ్చని.

పిలిచింది నరసమ్మ ఒక్కతే. మా వార్డులో ఆయా. "మాఘమాసం పున్నమికి మా ఊరంతా దర్గా కాడికి పోయి వండుకొని తింటామక్కా. నువ్వూ రా. మా యమ్మ కాడ ఉందువు. కదిర్లో పొద్దన్నే ఆరున్నర బస్సు పట్టుకుంటే చాలు," అంది. తను రెండు రోజుల ముందే సెలవు పెట్టి వెళ్లింది. ఊరి పేరు ఎక్కడా రాయొద్దని మాత్రం అడిగింది, వీడియోలు తీసేవాళ్లు వచ్చి పడతారట. అందుకని నల్లమాడ దగ్గరి ఒక పల్లె అని మాత్రమే చెబుతాను. నిజానికి పండగ చూడాలన్న సరదా నాకు పెద్దగా లేదు. దేశం వదిలేలోపు ఒక్కసారి ఎవరింటికైనా చుట్టంగా సంచి పట్టుకుని వెళ్లాలనిపించింది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరిగాక పచ్చదనం పలచబడింది. ఎర్రమట్టి, గుట్టల మీద బండరాళ్లు, నీళ్లు లేని చెరువులో తుమ్మచెట్లు. నా పక్క సీట్లో కదిరిలో బట్టల కొట్టున్న ఒక పెద్దావిడ కూర్చుంది. బెంగళూరులో కూతుర్ని చూసి వస్తోందట. గోరంట్ల దాకా తన సంగతులు చెప్పి, ఆ తర్వాత నా సంగతులు మొదలుపెట్టింది.

"మీ ఇంటిపేరేమమ్మా?"

"ఇంటిపేరు లేదండి. తోట రిజిస్టరులో దొర మా వాళ్ల పేరు, తండ్రి పేరు మాత్రమే రాసుకున్నాడు. అప్పట్నుంచి అంతే. పాస్‌పోర్టులో కూడా ఉండదు."

"ఇంటిపేరు లేకుంటే యట్ల? ఫలానోల్లు అని మిమ్మల్ని యట్ల కనుక్కుంటారు?"

"కనుక్కోరండి," అని నవ్వాను. ఆమె నవ్వలేదు. సంచిలోంచి రెండు వేరుశనగ ఉండలు తీసి నా చేతిలో పెట్టి, కదిరి వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జాలిపడిందో, భయపడిందో తెలియలేదు.

కదిరిలో దిగేసరికి ఆరూ ఇరవై. ఇక్కడ పరదేశం పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక: గది ముందే మాట్లాడుకోండి. మొదటి లాడ్జిలో గుమాస్తా నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మొగం చూస్తే మన మనిషే. పుస్తకం మాత్రం వేరే దేశానిది. మీ అట్లాటోల్లకు ఆన్‌లైన్లో ఫారం పంపల్ల మేడమ్. మాకు ఆ పాస్‌వర్డు లేదు," అన్నాడు. రెండో లాడ్జిలోనూ ఇదే మాట. మూడో చోట గది దొరికింది గానీ, పొద్దున యజమాని వచ్చి ఫారం నింపేదాకా కదలకూడదన్నారు. ఆయన ఏడున్నరకు వచ్చాడు. నా ముత్తాత పుట్టిన ఊరేదని ఫారంలో లేని ప్రశ్న కూడా అడిగాడు. ఆరున్నర బస్సు ఎటూ పోయింది. నరసమ్మకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. బస్టాండు ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఎనిమిదీ పావుకు నల్లమాడ బస్సెక్కాను.

ఈ రాష్ట్రంలో ఇప్పుడు ఆడవాళ్లకు పల్లె బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. బస్సులో సగానికి పైగా ఆడవాళ్లే. కండక్టర్ వరసగా సున్నాలు కొట్టుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగాడు.

"కార్డు తీమ్మా."

"నాకు లేదు బాబూ. టికెట్ ఇవ్వు."

"ఏమప్పా, కార్డు లేని ఆడమనిషి ఉంటాదా?" అని ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇరవై రూపాయల టికెట్ చేతిలో పెట్టుకుని నల్లమాడ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దారి పొడుగునా కోసేసిన కందిచేలు, అక్కడక్కడా వేరుశనగ కట్టె వాములు.

నల్లమాడలో షేర్ ఆటో ఎక్కి, ఊరి మలుపు దగ్గర దిగి, అర కిలోమీటరు నడిచాను. ఊరి మొదట్లో నీళ్ల ట్యాంకు చేరేసరికి టైము పదికి పావు తక్కువ. బడి, దాని వెనక వంద ఇళ్ల దాకా ఉంటాయేమో. ఒక్క మనిషి కనబడలేదు.

మొదట పట్టించుకోలేదు, అందరూ పొలాలకు వెళ్లి ఉంటారనుకున్నాను. రెండు వీధులు తిరిగాక కాళ్లు నెమ్మదించాయి. తలుపులన్నీ దగ్గరికి వేసి ఉన్నాయి, ఒక్కదానికీ తాళం లేదు. ప్రతి గడప మీదా అడ్డంగా ఒక వేపకొమ్మ. కోళ్లు లేవు, మేకలు లేవు, మొరగడానికి కుక్క కూడా లేదు. నర్సుని కదా, నాకు ముందు తట్టింది ఏదో రోగం వచ్చి ఊరు ఖాళీ చేశారని. "నరసమ్మా" అని రెండుసార్లు పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మనుషులుండే చోట ఒంటరిగా ఉండటం నాకు బాగా అలవాటే. మనుషులే లేని ఊరి మధ్యన నిలబడితే మాత్రం ఏడుపొచ్చింది.

నీలం తలుపు, ముందు నిమ్మచెట్టు అని నరసమ్మ చెప్పిన గుర్తులతో ఇల్లు కనుక్కున్నాను. వేపకొమ్మ దాటి లోపలికి వెళ్లి, సంచి గోడ వార పెట్టాను. కుండలో నీళ్లు కనబడ్డాయి, దాహంగా కూడా ఉంది, కానీ అమ్మ మాట గుర్తొచ్చింది. కర్పూరం, అగ్గిపెట్టె తీసుకుని ఊరి మొదట చూసిన ఆంజనేయస్వామి గుడికి వెళ్లాను. గుడి కూడా దగ్గరికి వేసే ఉంది. కటకటాల్లోంచి చూస్తే ప్రమిదలో నిండా నూనె, వత్తి మాత్రం ఆరిపోయి ఉంది. పాపం, ఈ ఊళ్లో దేవుడికి దీపం పెట్టే తీరిక కూడా ఎవరికీ లేదేమో అనుకున్నాను. గుమ్మం ముందు రాతి మీద రెండు బిళ్లలు పెట్టి వెలిగించాను. ఏం కోరుకోవాలో తోచక, మనుషుల్ని చూపించు స్వామీ అని దండం పెట్టాను.

కర్పూరం ఇంకా ఆరలేదు, దూరంగా గుట్ట వైపు నుంచి ఉరుములు వినబడ్డాయి. ఉరుములంటే మేఘాలవి కాదు, ఇక్కడి జాతరల్లో వాయించే పెద్ద డప్పులు. అటు చూస్తే గుట్ట కింద పొగ కనబడింది. నా జీవితంలో ఇంత త్వరగా తీరిన మొక్కు ఇంకోటి లేదు. సంచి ఆ ఇంట్లోనే వదిలి, అందులోంచి చీర మాత్రం తీసుకుని, బండి జాడల వెంబడి నడిచాను.

ఇంచుమించు రెండు కిలోమీటర్లు. గుట్ట కింద చింతతోపు, తోపు మధ్యన తెల్లసున్నం వేసిన చిన్న దర్గా. ఊరంతా అక్కడే ఉంది. ట్రాక్టర్లు, ఎద్దులబండ్లు, చెట్లకు కట్టేసిన బర్రెలు, గంపల కింద కోళ్లు, కుక్కలు. మంచం మీదే మోసుకొచ్చిన ఒక ముసలాయన దగ్గుతూ పడుకుని ఉన్నాడు. చెట్టుకొక పొయ్యి, పొయ్యి మీద బాన. నరసమ్మ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"యాడికి పోయినావక్కా? ఆరున్నర బస్సుకు చూస్తి, రాకపోతివి. ఫోను సచ్చిపోయె."

వాళ్లమ్మ పేరు ఓబుళమ్మ. పొట్టి మనిషి, అరవై దాటి ఉంటాయి. భర్త లేడు, రెండెకరాల మెట్టచేను తనే చేసుకుంటుందట. నేనిచ్చిన చీర మడత విప్పకుండానే పక్కన పెట్టి, నా మణికట్టు పట్టుకుని చూసింది.

"ఇంత సన్నగా ఉండావేమే? నీకు తిండి పెట్టేటోల్లు ఎవురూ లేరా?"

"లేరమ్మా," అన్నాను. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునే మాట అది. ఆవిడ అడిగిన తీరుకు నిజం వచ్చేసింది.

ఒంటిగంటకు చాప మీద కూర్చోబెట్టి రాగిముద్ద, పొట్టేలు పులుసు పెట్టారు. పక్క పొయ్యిల వాళ్లు కూడా ఒక్కొక్కరూ వచ్చి ఏదో ఒకటి నా ఆకులో వేసి పోయారు. ఎన్నాళ్లకో కడుపు నిండా తింటున్నాను. అప్పుడడిగాను, ఇంతకీ ఇదేం పండగ అని. ఇన్నాళ్లూ నరసమ్మ ఆ ముక్క నాకు చెప్పనే లేదు. పుట్టినప్పట్నించీ చూస్తున్న సంగతి, చెప్పాలని ఆమెకు తోచలేదు.

ఓబుళమ్మ చెయ్యి కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది. "వెనకటికి మా ఊర్లో ఏటేటా అగ్గి పడతా ఉండెనంట. వాములు కాలె, కొట్టాలు కాలె. వానల్లేక బాయిల్లో నీళ్లు లేవు, ఆర్పేదానికి. ఒక ఫకీరు వచ్చి, 'ఏడాది పొడుగునా అగ్గితో ఎట్టిచాకిరి చేపిచ్చుకుంటాండారు. దానికి ఒక దినమన్నా సెలవు ఇయ్యండప్పా' అన్నాడంట. ఆయప్పదే ఈ దర్గా. నిన్న పొద్దు గుంకినప్పట్నించి ఈ పొద్దు గుంకేదాకా మా ఊర్లో అగ్గి ముట్టియ్యము. పొయ్యి లేదు, బీడీ లేదు. కరెంటు గూడా తీపిచ్చినాము."

"గుళ్లో దీపం?"

"దేవునికైనా అంతే."

నీళ్లు తాగి మెల్లగా అడిగాను. "ఎవరైనా తెలియక ముట్టిస్తే?"

"ఇంగో దినం ఊరంతా బయటే ఉండల్ల. నాకు పెండ్లయిన కొత్తల్లో నాగన్న అని ఒకాయప్ప, తుండుగుడ్డ మర్చిపోయినానని ఊర్లోకి పోయి, అలవాటు కొద్దీ బీడీ ముట్టిచ్చినాడు. ఆయప్పే వచ్చి చెప్పె. రెండో దినం గూడా అందరం ఈడే పడుకుంటిమి. ఆయప్ప సచ్చిపోయి ఇరవై ఏండ్లయినా వాళ్లను ఇంగా బీడీ నాగన్నోల్లు అనే అంటాము. అదో, ఆ పచ్చ చీర, బీడోల్ల కోడలే."

పచ్చచీర ఆవిడ పొయ్యి దగ్గర్నించి తలెత్తి, "ఆ, అనుకోండి అనుకోండి. బీడీ మా మామ తాగె, పేరు మాకు పడె," అంది. తోపంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తిన్నాక నడిచి వస్తానని చెప్పి తోపు చివరికి వెళ్లి కూర్చున్నాను. నన్ను ఎవరూ చూడలేదు. గుడి ముందు రాతి మీద నల్లమరక మిగిలి ఉంటుంది, అది కిందటేటిది కూడా కావచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే మంచం మీది ముసలాయన ఇంకో రాత్రి ఈ చలిలో దగ్గుతాడు. పొద్దున అయిదింటికి పాలవ్యాను వచ్చి ఖాళీగా తిరిగిపోతుంది. పిల్లలకు పరీక్షలున్నాయని ఇందాకే ఎవరో అన్నారు. అదంతా నా వల్ల. నన్ను పిలిచిన పాపానికి నరసమ్మ పరువు పోతుంది. నాకు అన్నం పెట్టినవాళ్లంతా నన్నెలా చూస్తారో తలుచుకుంటే ఇప్పుడే లేచి రోడ్డెక్కి పోదామనిపించింది. కానీ చెప్పకుండా పోతే, వచ్చే ఎండాకాలం వీళ్ల వాములకు నిప్పంటుకుందని వింటే? నమ్మకం నాది కాదు, నిజమే. వాళ్లది కదా.

ముప్పై ఏళ్లుగా కొత్త నర్సులకు నేను మొదటిరోజు చెప్పే పాఠం ఒకటే: తప్పు జరిగితే ముందు నోరు విప్పు, ఏడవడం తర్వాత. నాలుగింటికి లేచి దర్గా దగ్గరికి నడిచాను.

దర్గా చూసుకునే ముజావర్ మస్తాన్ సాబ్‌కు ఎనభై దగ్గర పడి ఉంటాయి. సమాధి పక్కన నెమలీకల కట్ట ఒళ్లో పెట్టుకుని, వచ్చినవాళ్లకు చక్కెర పంచుతున్నాడు. ఊరి కట్టుబాటులో ఆయన మాటే చివరి మాట. మనుషులు పలచబడేదాకా నిలబడి, దగ్గరికెళ్లి చెప్పేశాను. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎన్ని బిళ్లలు, అన్నీ చెప్పాను, పేషెంటు రిపోర్టు చదివినట్టు.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "ఎవురింటి మనిషివమ్మా?"

"ఎవరింటి మనిషినీ కాదు తాతా. పండగ చూడ్డానికొచ్చాను. మాది మలేషియా."

ఆయన ముఖం తేటపడింది. "అట్లయితే ఏం పర్వా లేదు తల్లీ. బయటోల్లు ముట్టిచ్చిన అగ్గి మాకు లెక్కలోకి రాదు. కట్టుబాటు ఊరోల్లకు గాని, నీకేటికి ఉంటాది? నిమ్మళంగా పో," అని నెమలీకలు నా తల మీద ఆనించి, చేతిలో చక్కెర పోశాడు.

ఊరు బతికింది. నేను బతికాను. చక్కెర చేతిలో పట్టుకుని పక్కకు వచ్చి, చింతచెట్టు మొదట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాను. తిడతారని సిద్ధపడి వెళ్లినదాన్ని, ఒక్క తిట్టు కూడా పడలేదు. లాడ్జి గుమాస్తా, కండక్టర్, ఈ ముసలాయన, ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు, ముగ్గురూ చెప్పింది ఒకటే, నేను వాళ్ల లెక్కలో లేనని. బీడీ నాగన్నంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు అసూయ కలిగింది.

పొద్దు గుట్ట మీదికి వాలగానే ఉరుములు మళ్లీ మోగాయి. ముజావర్ దర్గా దీపంలోంచి అగ్గి ఇస్తుంటే ఇంటికొకరు లాంతరు ముట్టించుకున్నారు. ఆ అగ్గితోనే ఇళ్లకు వెళ్లి పొయ్యిలు వెలిగించుకోవాలి. ఓబుళమ్మ లాంతరు పట్టుకుని నా పక్కనే నడుస్తోంది. ఇక దాయడానికి ఏమీ లేదు కదా అని, కర్పూరం సంగతి, ముజావర్ అన్న మాట ఆవిడకూ చెప్పాను.

ఆవిడ దారి మధ్యలో ఆగిపోయింది. "యాడ పెట్టినావు సంచి?"

"మీ ఇంట్లో. గోడ వార."

"సంచి పెట్టినాక ముట్టిచ్చినావా, పెట్టకముందా?"

"పెట్టాక."

లాంతరు అద్దం పైకెత్తి, ఊది ఆర్పేసింది.

నరసమ్మ కంగారుపడింది. "మస్తాన్ తాతే లెక్కలోకి రాదన్నంక నీకేమమ్మా?"

"ఆయప్పకు ఊరు లెక్క. నాకు నా ఇల్లు లెక్క. నా ఇంట్లో మూట పెట్టి, నా పొయ్యి కాడ కూడు తిన్న మనిషి బయటిదెట్ల అయితాది? ఈమె ముట్టిచ్చింది నా ఇంటి అగ్గే." తర్వాత నా వైపు తిరిగి బాగా తిట్టింది. చదువుకున్నదానివి కదా, వేపకొమ్మ అడ్డం పెట్టి ఉంటే ఏమిటికా అని ఆలోచించొద్దా, ఒక్క గంట ఆగలేకపోయావా, కళ్లు నెత్తికెక్కాయా అంది. మా అమ్మ పోయాక నన్ను ఆ గొంతుతో తిట్టినవాళ్లు లేరు.

ఊళ్లో ఒక్కొక్క ఇంట్లో వెలుగు వస్తుంటే మేం ముగ్గురం ఊరి బయట ఓబుళమ్మ కళ్లంలో చాప పరిచాం. మూడు రాళ్లు పెట్టి, లాంతరుతో ఇంటికి పోతున్న ఎవరినో అగ్గి అడిగి, ఓబుళమ్మ ఉలవచారు కాచింది. ఊరి బయట వండితే తప్పు లేదట. దారిన పోయే ప్రతివాళ్లూ ఆగి అడగడమే.

"ఏమక్కా, కళ్లంలో ఉండారే?"

"మా ఇంటి మనిషి తెలీక కర్పూరం ముట్టిచ్చిందప్పా. రేపు పొద్దు గుంకేదాకా ఇంగ ఈడే."

వాళ్లు నన్ను ఎగాదిగా చూసి, తల ఊపి వెళ్లేవారు. పదిమంది అడిగారు, పదిసార్లూ అదే జవాబు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అయినా పదకొండోవాళ్లు ఎప్పుడొస్తారా అని చెవులు దారి మీదే ఉన్నాయి. పడుకున్నాక చలికి ఓబుళమ్మ నేనిచ్చిన కొత్త చీర మడత విప్పి మా ముగ్గురి మీదా కప్పింది.

తెల్లారి చూస్తే ఊళ్లో ఇంటింటి పెరట్లో నీళ్లపొయ్యి పొగ లేస్తోంది. నిమ్మచెట్టు ఇంటి మీద మాత్రం పొగ లేదు. నాకు మర్నాడు పొద్దున్నే క్లాసులున్నాయి, సాయంత్రం దాకా ఉండటానికి వీల్లేదు. పన్నెండింటికి సంచి తెచ్చుకున్నాను. ఓబుళమ్మ చెయ్యి చాపింది.

"అగ్గిపెట్టె ఇట్ల ఇయ్యి. కర్పూరం నువ్వే పెట్టుకో."

ఇచ్చాను.

"మళ్లా వచ్చినప్పుడు ముందు నన్ను అడిగి ఏమన్నా చెయ్యి," అంది. వచ్చే మాఘమాసానికి నేనెక్కడుంటానో, కౌలాలంపూర్‌లో తొమ్మిదో అంతస్తు గదిలో ఎవరు తలుపు తడతారో నాకు తెలుసు. అట్లాగేనమ్మా అన్నాను.

నల్లమాడ నుంచి కదిరి బస్సు ఒంటిగంటకు. ఈసారి కూడా నాకు టికెట్ పడింది. కదిరి నుంచి బెంగళూరు బస్సు మూడున్నరకని చెప్పి నాలుగింటికి కదిలింది. ఎందుకో విసుగు రాలేదు. కిటికీ సీటు దొరికింది, పక్క సీటు ఖాళీ. గోరంట్ల దాటాక పొద్దు గుంకింది. ఇప్పుడు పొయ్యి ముట్టిస్తూ ఉంటుంది అనుకుంటూ ఆ ఎర్రటి గుట్టలు నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాను. బస్సులో నాతో ఎవరూ మాట్లాడలేదు, నేనూ ఎవర్నీ పలకరించలేదు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీకి ఆపినప్పుడు ఫోన్ మోగింది. నరసమ్మ.

"అమ్మ పొయ్యి ముట్టిచ్చిందక్కా. నీ అగ్గిపెట్టెతోనే. నువ్వేమన్నా తింటివా అని అడగమనింది."

"తింటాను. అమ్మకు ఇంకా కోపంగా ఉందా?"

"ఉండదా మరి? ఊర్లో అప్పుడే మమ్మల్ని కర్పూరమోల్లు అంటాండారు. నీళ్లకు పోతే, 'ఏం కర్పూరమోల్ల పాపా' అని బీడోల్ల కోడలే మొదులుపెట్టె. సచ్చేదాకా ఈ పేరు మోయల్ల గదా అని అమ్మ ఒకటే గొణుగుడు."

టీ గ్లాసు తిరిగిచ్చేశాను. కండక్టర్ హారన్ కొట్టించాడు, ఎక్కి కూర్చున్నాను, బెంగళూరు చేరేసరికి తొమ్మిదిన్నర. గది తాళం తీశాను, దీపం వేశాను, మర్నాటి పాఠం చూసుకున్నాను. అంతా మామూలే.

ఈ యాత్ర చేయాలనుకునేవాళ్లకు చివరగా ఒక మాట. కదిరిలో లాడ్జి ముందే చూసుకోండి, ఆరున్నర బస్సు వదులుకోకండి, సంచిలో అగ్గిపెట్టె ఉంచుకోకండి. ఊరి పేరు చెప్పనని మాట ఇచ్చాను కాబట్టి చెప్పలేను. కానీ మీరు వెతుక్కుంటూ ఆ ఊరే చేరితే, గుడి దగ్గర కనబడినవాళ్లను కర్పూరమోల్ల ఇల్లు యాడ అని అడగండి. నీలం తలుపు, ముందు నిమ్మచెట్టు. మా ఇల్లే.